దర్శి నుంచి కోటిరత్నం

2006 ఫిబ్రవరి 9, గురువారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది కందిపచ్చడి, మిరియాల చారు, రెండు ఊరమిరపకాయలు. అన్నమూ చారూ నేను వండుకున్నవే. కందిపచ్చడి మాత్రం ప్రతి గురువారంలాగే అనంతపద్మనాభం మాస్టారి ఇంటి నుంచి చిన్న స్టీలు డబ్బాలో వచ్చింది. ఆయన భార్య సుబ్బలక్ష్మి గారు నన్ను చూసింది రెండుసార్లే. అయినా నా భార్యను తలుచుకుని "శారద గారు పోయాక ఆయన రోటి పచ్చడి మొహం చూసి ఉండడు, పట్టుకెళ్లండి" అన్నారట. ఆ మాట చెప్పి మాస్టారు డబ్బా నా బల్ల మీద పెట్టి, నేను ఏదైనా అనేలోపే వెళ్లిపోయేవారు.

ఆ డబ్బా కడిగి బోర్లించిన కాసేపటికి నా తప్పు నన్ను వెతుక్కుంటూ గుంటూరు వచ్చింది. అది ఏ తప్పో, ఎంత దూరం పాకిందో ముందుగా ఒకసారి చెప్పాలి.

మా విశ్వవిద్యాలయం దూరవిద్యా విభాగంలో నా పని పాఠం చెప్పడం కాదు, చెప్పేవాళ్లను కెమెరా ముందు కూర్చోబెట్టడం. ఏళ్ల తరబడి నల్లబల్ల ముందు అటూ ఇటూ నడుస్తూ చెప్పినవాళ్లకు కదలకుండా కూర్చోవడం నేర్పాలి, ఎదురుగా మనుషులు లేకపోయినా ఉన్నట్టు మాట్లాడటం నేర్పాలి. ఆ ఏడు మొక్కల సంరక్షణ డిప్లొమా మొదలైంది. ప్రతి గురువారం సాయంత్రం ఆరింటికి మాస్టారు మా స్టూడియోలో చెప్పే పాఠం అప్పటికప్పుడు దర్శి కేంద్రంలోని టీవీలో వస్తుంది. అక్కడివాళ్లకు సందేహం వస్తే మాకు ఫోను చేయాలి. అద్దంకి, వేటపాలెం కేంద్రాలకు ఇంకా డిష్షులు రాలేదు కనుక అదే పాఠాన్ని సీడీలోకి ఎక్కించి రెండు మూడు వారాల తర్వాత పంపేవాళ్లం. పరీక్షల ముందు, మార్చిలో, మాస్టారే మూడు ఊళ్లకూ వెళ్లి ఎదురుగా నిలబడి పాఠాలు చెప్పాలి. అప్పటిదాకా అంతా టీవీలోనే.

మాస్టారిది కీటకశాస్త్రం. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు, జూన్‌లో రిటైర్మెంటు. కాలేజీలో ఆయన పాఠం చెబుతుంటే వేరే తరగతి పిల్లలు కిటికీల దగ్గర నిలబడేవారు. పాఠం అయ్యాక తలుపు బార్లా తెరిచిపెట్టి పది నిమిషాలు కూర్చునేవారు, ఎవరైనా అడగడానికి వస్తారేమోనని. మా స్టూడియోకు వచ్చాకా ఆ అలవాటు మానలేదు. బయటి చప్పుడు రాకుండా మెత్తటి దిండులా కుట్టిన ఆ బరువైన తలుపు తెరిచి, ఎవరూ రాని వరండా వైపు చూస్తూ పది నిమిషాలు కూర్చుని మరీ ఇంటికి వెళ్లేవారు.

అలాంటి మనిషి మొదటి గురువారం "ఏమైనా సందేహాలా?" అని అడిగి ఫోను వైపు చూశారు. ముప్పై సెకన్లు. నలభై. దర్శి నుంచి ఎవరూ చేయలేదు. పాఠం ముగిశాక కళ్లజోడు తుడుచుకుంటూ అన్నారు, "నావల్ల కాదండీ శ్రీకృష్ణ గారూ. బావిలోకి చేద వదులుతున్నాను. నీళ్లు తగిలిన చప్పుడు రావడం లేదు."

అడిగితే బదులు రాని గది సంగతి నాకు తెలుసు. శారద పోయి అప్పటికి మూడేళ్లు. అయినా పొద్దున్నే "కాఫీ కలపనా?" అని అలవాటుగా అనేసి, ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దంలో గిన్నె పట్టుకుని నిలబడుతూనే ఉన్నాను. ఆయన్ని అందులో వదిలేయలేకపోయాను. రెండో గురువారం మా టెక్నీషియన్ నజీరాను పక్క గదిలోకి పంపి, అక్కడి ఫోను నుంచి స్టూడియోకు చేయించాను. ఆమె వేలు దర్శి హాజరుపట్టీలో ఏ పేరు మీద ఆగితే ఆ పేరు చెప్పింది.

"నమస్కారం సార్. నేను దర్శి నుంచి కోటిరత్నాన్ని."

మాస్టారు కుర్చీలో ముందుకు జరిగారు. ఇక ఆ రోజు నుంచి ఆయన పాఠానికి తిరుగులేదు. ఏడు పాఠాలు, పదమూడు ప్రశ్నలు. నజీరా తండ్రి సిలార్ మిర్చియార్డులో కాటాల దగ్గర పనిచేసేవాడు. రైతులు ఏమేం అడుగుతుంటారో ఆయన్నే కనుక్కుని ఆమె మంచి ప్రశ్నలు తెచ్చేది. ప్రతి వారం రిజిస్టరులో "దర్శి ఫోను పనిచేస్తున్నది" అని రాసి సంతకం పెట్టింది నేనే. పెద్దాయనకు చేసిన చిన్న సాయం అనుకున్నాను.

ఆ గురువారం మూడు దాటాక తలుపు తోసుకుని ముందు మిరప ఘాటు వచ్చింది, దాని వెనక ఒక మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. భుజాన గుడ్డసంచి, కాళ్లకు ఎర్రమట్టి. నజీరా రెండుసార్లు తుమ్మింది.

"టీవీ పాఠాలు చెప్పేది ఇక్కడేనాండీ?"

"ఇక్కడేనమ్మా. కూర్చోండి. ఎవరు కావాలి?"

"కోటిరత్నం కావాలండీ."

నజీరా చేతిలోని వైరుచుట్ట జారి నేల మీద పడింది.

"ఏ కోటిరత్నం?" అన్నాను.

"అది కనుక్కుందామనే నాలుగున్నర గంటలు బస్సులో కూచుని వచ్చా. వారం వారం దర్శి నుంచి ఫోన్ చేసే కోటిరత్నం ఎవరా అని. మా వైపు కొండకు మొక్కుకున్న ప్రతి ఇంట్లో ఒక కోటిరత్నం ఉంటది లెండి. మా ఊళ్లోనే ముగ్గురం. ఒకామెకు డెబ్బై ఏళ్లు, ఒకామె ఇంకా ఉయ్యాల్లో ఉంది. ఆ ఇద్దరూ డిప్లొమా చదవట్లా. దర్శి సెంటర్లో ఆ పేరుతో కూచునేది నేనొక్కదాన్నే."

ఆమె గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"మొదట్లో నవ్వులాటగా ఉండేదండీ. మాస్టారు టీవీలోంచి 'భేష్ కోటిరత్నం' అంటే, అందరూ నా వంక తిరిగి 'ఎప్పుడడిగావే, నోరు తెరవందే?' అనేవాళ్లు. నా పేరు పెట్టుకున్న ఏ చదువుకున్నమ్మో ఇంటి నుంచి చేస్తుందేమో అనుకున్నా. మా సెంటర్లో ఫోను పోయి రెండు నెలలయిందిగా మరి."

"ఫోను పోయిందా?"

"క్రిస్మస్ ముందు రోడ్డు తవ్వుతూ తీగ తెంపారు. అప్పటి నుంచీ మూగదే. మీకు తెలీదా?"

నేను రిజిస్టరు వైపు చూడలేదు. అది నా మోచేతి కిందే ఉంది.

ఆమె సంచిలోంచి తడిగుడ్డ మూట తీసి బల్ల మీద విప్పింది. మిరప కొమ్మలు. ఆకుల అంచులు అగ్గిపుల్ల చూపించినట్టు మాడి, లోపలికి ముడుచుకుపోయాయి. పూత నల్లబడి, వేలు తగిలితే చాలు రాలిపోతోంది.

"ఇది మా మరిది కోటేష్ చేను. ఎకరన్నర. రెండో కోత కోయాల్సింది. నెల కిందట పాఠంలో మాస్టారు చెప్పిన మందే కొట్టాడు. ట్యాంకుకు మూడు మూతలు."

"మూడా?"

"మూడే. నేను ఈ చెవులతో విన్నా. నాకు డౌటొచ్చింది. మందుకొట్టే చేతిపంపుకు మూడు మూతలేంటి, ఒకటి కదా పోస్తాం అని. లేచి నిలబడి 'ఏ ట్యాంకు సార్?' అని టీవీ ముందు అరిచా. మా వాళ్లు నవ్వారు. టీవీకి చెవులుంటాయా అన్నారు. ఆ నవ్వులోనే మీ ఫోను మోగింది. 'దర్శి నుంచి కోటిరత్నాన్ని సార్, మందు పొద్దున కొట్టాలా, సాయంత్రం కొట్టాలా?' మాస్టారు 'మంచి ప్రశ్న, సాయంత్రమే కొట్టాలి' అన్నారు. అయిపోయింది."

ఆమె రాలిన పూతను వేలితో ఒకచోటికి పోగుచేసింది.

"నేను మా మరిదికి చెప్పాను సారూ, ఆగరా, నాకు అనుమానంగా ఉంది, కనుక్కుంటానని. వాడేమన్నాడో తెలుసా? 'కనుక్కున్నావుగా వదినా, టీవీలో నీ పేరు చెప్పి మరీ జవాబు చెప్పారుగా. మూతలు తప్పయితే అప్పుడే అడిగేదానివిగా' అన్నాడు. నేను అడగలేదురా అంటే ఊళ్లో ఎవరూ నమ్మలా. ఇప్పుడు చేను మాడాక, 'చదువుకుని చెప్పావుగా తల్లీ' అంటున్నారు. నా చేనుకు నేను కొట్టలేదు. అది ఇంకా పెద్ద నేరమైంది. తనది దాచుకుని మరిదిది తగలబెట్టిందంట."

నజీరా లేచి, ఆ నెల పాఠాల టేపుల్లోంచి జనవరి 19 నాటిది వెతికి మిషన్‌లో పెట్టింది. ఆ పని చేస్తున్నంతసేపూ తల ఎత్తలేదు.

తెర మీద మాస్టారు. తెల్లచొక్కా, నేను చెప్పినట్టే కదలకుండా కూర్చున్నారు. "ఈ ట్యాంకుకు మూడు మూతలు" అన్నారు. ఆ మాట అంటూ కుడివైపు తిరిగారు. భుజం వంగింది. చెయ్యి తెర అంచు దాటి మాయమైంది. చూపు ఆ చేతితోపాటే వెళ్లి, ఏదో వస్తువు మీద ఒక క్షణం ప్రేమగా ఆగి, మళ్లీ మా వైపు వచ్చింది.

ఆ చెయ్యి ఎక్కడికి వెళ్లిందో నాకు తెలుసు. ఆ రోజు మాస్టారు డిపార్టుమెంటు నుంచి తైవాన్ పంపును రిక్షాలో వేసుకుని తెచ్చారు. మోటారుతో కొట్టేది, ఎకరానికి నీళ్లు తక్కువ పడతాయి, అందుకే ట్యాంకుకు మందు ఎక్కువ కలపాలి. తరగతిలో ఎప్పుడూ ఆయన దాని మీద చెయ్యేసి "ఈ ట్యాంకుకు" అని చెబుతారు, చూసినవాళ్లకు ఇక వివరించక్కర్లేదు. ఆ పసుపుపచ్చ ట్యాంకు మీద లైటు పడి కెమెరాలో మెరుస్తోందని దాన్ని రెండు బారల అవతలికి జరిపింది నేను. "అది అక్కడే ఉంటుంది మాస్టారూ, మీరు చెప్పండి" అన్నాను. అది ఇంకా ఆ మూలనే ఉంది, నెలనాటి దుమ్ముతో.

ఆయన సరిగ్గానే చెప్పారు. దర్శిలో ఆ చెయ్యి ఎవరికీ కనిపించలేదు. ఏ ట్యాంకని అడిగిన మనిషి నోటికి నేను అడ్డంగా చెయ్యి పెట్టాను.

"సార్," అంది నజీరా మెల్లగా, "ఈ పాఠం సీడీలు సోమవారం పోస్టు చేశాం."

వేటపాలెంలో ఫోను రెండుసార్లు మోగగానే ఎత్తారు. అక్కడి కోఆర్డినేటరు దేవకుమారి గారు నవ్వారు. "కవరు ఇంకా చింపలేదండీ. మా దగ్గర అందరూ జీడితోటలవాళ్లు, జీడిపప్పు ఫ్యాక్టరీలవాళ్లు. మిరప పాఠమంటే లేపి కూర్చోబెట్టాలి. ఆదివారం వేద్దామనుకున్నా. వద్దంటే ఇంకా హాయి."

అద్దంకి ఫోను మోగుతూనే ఉంది. నాలుగుసార్లు చేశాను. అద్దంకి చుట్టూ అంతా మిరపే.

"ఆదివారం కదా వేసేది, రేపు దొరుకుతారులే" అని నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాత కోటిరత్నం వైపు తిరిగాను. "అమ్మా, ఆరింటికి మాస్టారి పాఠం ఉంది. అది అయ్యాక నేనే అన్నీ చెబుతాను. పాఠానికి ముందు చెబితే ఆయన తట్టుకోలేరు."

"తర్వాత, తర్వాత అంటే ఎన్నాళ్లండీ? మాడిన చేనులో మా మరిది కూచుని ఉన్నాడు. ఆయన తట్టుకోలేరని మీరు చెప్పరు, ఫోను లేదని మేము చెప్పలేము. ఇంక చెప్పేదెవరు?"

జవాబు నజీరా ఇచ్చింది. "నేను ఇవాళ ఫోను చెయ్యను సార్. ఉద్యోగం తీసేసినా సరే."

ఇన్ని వారాలుగా తను ఎవరి పేరుతో మాట్లాడిందో ఆ మనిషికి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. కోటిరత్నం గ్లాసు అందుకుని ఆమెను పైకీ కిందకీ చూసింది. "నువ్వా?" అంది. "నాకంటే బాగానే మాట్లాడావులే." అంతకంటే పెద్ద శిక్ష వేయనందుకు ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది.

మాస్టారు అయిదున్నరకు వచ్చారు. చంకలో గోధుమరంగు అట్ట వేసిన పాత పుస్తకం. కొత్త మనిషిని చూసి ఆగారు.

"దర్శి కేంద్రం నుంచి వచ్చారు మాస్టారూ" అన్నాను. పేరు చెప్పలేదు. ఆ చివరి పిరికితనం కూడా నాదే.

ఆయన ముఖం విచ్చుకుంది. "దర్శి నుంచా! అయితే మా కోటిరత్నాన్ని ఎరుగుదువా అమ్మా?"

ఆమె నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"ఎరుగుదునండీ. రోజూ అద్దంలో, అదే, ఊళ్లో చూస్తూనే ఉంటా."

"ఎలాంటి పిల్ల?"

"నోరు కాస్త పెద్దదండీ."

"ఉండాలి. ప్రశ్న అడిగేవాళ్లకు నోరు పెద్దదే ఉండాలి." ఆయన పుస్తకం చూపించారు. పురుగుల మీద ఆయన ముప్పై ఏళ్లుగా అంచుల్లో రాసుకున్న వివరాలతో సగం ఉబ్బిపోయిన పుస్తకం. లోపలి పేజీలో కొత్త సిరాతో "చి.సౌ. కోటిరత్నానికి, ఆశీస్సులతో" అని ఉంది. "రిటైరయ్యాక ఇది నాకెందుకు? పోస్టులో పంపుదామనుకున్నా. నువ్వు పట్టుకెళ్తావా?"

"పాఠం అయ్యాక తీసుకుంటానండీ" అంది ఆమె. ఆ గొంతులో ఇందాకటి బింకం లేదు.

ఆమెను కెమెరా వెనక స్టూలు మీద కూర్చోబెట్టాను. ఆరయింది. ఎర్రలైటు వెలిగింది. మాస్టారు మొదలుపెట్టారు.

ఆ రోజు పాఠం కాయతొలిచే పురుగు మీద. నేను అన్ని పాఠాలూ విన్నాను, అలాంటిది వినలేదు. ఆయన గాజులోకి చూడటం మానేసి, దాని పక్కగా స్టూలు మీద ఉన్న మనిషిని చూస్తూ చెప్పారు. ఆమె తలూపితే ముందుకు సాగారు. ఆమె కనుబొమ్మ ముడిపడితే వెనక్కి వచ్చి ఇంకో మాటలో చెప్పారు. ఒకచోట ఆమె చప్పున నోరు మీద చెయ్యి పెట్టుకుంటే "అవునమ్మా, అచ్చం అంతే" అన్నారు. రెండు నెలలుగా నేను ఆయనకు ఇవ్వాల్సింది ఒక స్టూలూ, దాని మీద ఒక మనిషీ. అంతే. నాకు తట్టలేదు.

"సరే. ఏమైనా సందేహాలా?"

ఆయన ఫోను వైపు చూశారు. నజీరా కెమెరా పక్క నుంచి కదలలేదు. పది సెకన్లు. ఇరవై. మాస్టారు చిరునవ్వుతో "కోటిరత్నం ఇవాళ ఏదో పనిలో ఉన్నట్టుంది" అన్నారు. ముప్పై. చిరునవ్వు అలాగే ఉంది కానీ కళ్లలోంచి వెళ్లిపోయింది. నా కాళ్లు పక్క గది వైపు లాగుతున్నాయి. నా గొంతుతోనైనా ఒక్క ప్రశ్న, ఏదో ఒక ప్రశ్న.

స్టూలు కిర్రుమంది.

"సార్, నాదొకటి అడగనా?"

"అడుగమ్మా."

"జనవరి పాఠంలో ట్యాంకుకు మూడు మూతలన్నారు. ఏ ట్యాంకు సార్?"

ఆయన కాసేపు అర్థం కానట్టు చూశారు. "ఏ ట్యాంకేమిటమ్మా, తైవాన్ పంపు ట్యాంకు. చెయ్యి పెట్టి చూపించానుగా."

"మాకు చెయ్యి కనపళ్లేదు సార్. మేం చేతిపంపు అనుకున్నాం. ఏ ట్యాంకని ఆ రోజే టీవీ ముందు నిలబడి అడిగా."

ఆయన నెమ్మదిగా అడిగారు, "నీ పేరేమిటమ్మా?"

"కోటిరత్నం సార్. దర్శి నుంచి."

ఆయన ఫోను వైపు చూశారు. నజీరాను చూశారు. తర్వాత నన్ను. ఆ చూపు తిప్పుకోవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. దర్శిలో అందరూ చూస్తూనే ఉన్నారు.

ఆయన లేచారు. నేను నేర్పిన పద్ధతి అంతా ఒక్కసారి దాటేసి, తెరలోంచి బయటికి నడిచి, మూలనున్న పంపును రెండు చేతులతో ఈడ్చుకుంటూ మధ్యకు తెచ్చారు. నజీరా కెమెరాను వెనక్కి లాగి ఆయనకు చోటిచ్చింది. ఆయన దుమ్ము పట్టిన ట్యాంకు మీద అరచెయ్యి వేశారు.

"దర్శివాళ్లూ, వినండి. ఆ రోజు నేను చెయ్యి వేసింది దీని మీద. ఇది మీకు కనిపించలేదు. మూడు మూతలు దీనికి. చేతిపంపుకు ఒక్కటే, ఒక్కటంటే ఒక్కటే. ఎవరి చేనైనా మాడి ఉంటే ఆ తప్పు కొట్టినవాళ్లది కాదు, చెప్పినవాడిది. అడిగిన మనిషిది అసలే కాదు. మీ ఊరి కోటిరత్నం ఆ రోజే అడిగిందట. నాకు వినపడలేదు."

ఎర్రలైటు ఆరింది. కోటిరత్నం కొంగుతో ముఖం కప్పుకుంది.

మాస్టారు అలవాటు ప్రకారం తలుపు బార్లా తెరిచి, కుర్చీ దగ్గరికి వచ్చి కూర్చున్నారు. బల్ల మీది మాడిన కొమ్మలను ఒక్కొక్కటిగా తిప్పి చూశారు.

"ఆ పదమూడు ప్రశ్నల్లో దర్శి నుంచి వచ్చినవి ఎన్ని శ్రీకృష్ణ గారూ?"

ఆయన కూడా లెక్కపెట్టుకున్నారన్నమాట.

"ఒక్కటీ లేదు మాస్టారూ."

"ఊరికే అడిగాను. ఒకటైనా ఉంటుందేమోనని."

"మీరు బాధపడుతుంటే చూడలేక..."

"తెలుసు. బాగా చూసుకున్నారు." ఆయన గొంతు పెంచలేదు. "తరగతిలో నేనేదైనా తేడాగా చెబితే వెనక బెంచీలోంచి ఒకడు లేచి 'అదెట్టా సార్?' అనేవాడు. ఏటికొక పేరు, మనిషి మాత్రం వాడే. ముప్పై ఒక్క ఏళ్లు నా పరువు కాపాడింది వాడేనండీ. మీరు వాణ్ని బయటికి పంపి, ఆ చోట నాకు నచ్చేవాణ్ని కూర్చోబెట్టారు."

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఏభై రెండేళ్లవాణ్ని, బడిపిల్లాడిలా.

అప్పుడు ఫోను మోగింది. నిజమైన బయటి ఫోను. పాఠం కోసం తగిలించిన స్పీకరు ఇంకా తీయలేదు కనుక గదంతా వినపడింది.

"అద్దంకి సెంటరు బుల్లయ్యనండీ. ఫోన్లో మీ నంబరు నాలుగుసార్లు పడుంది, అప్పుడు బయటికెళ్లా. ఏంటి సార్ సంగతి?"

"బుల్లయ్యా, జనవరి 19 సీడీ ఆదివారం వేయొద్దు."

"అయ్యో, ఆదివారం మన హాలు పెళ్లికిచ్చారండి. అందుకని నిన్న సాయంత్రమే వేసేశాం. ముప్పై ఎనిమిది మంది వచ్చారు సార్, ఎప్పుడూ అంతమంది రాలా! మూడు మూతలని చేతుల మీద రాసుకుని మరీ పోయారు."

మాస్టారు చేతిలోని కొమ్మను బల్ల మీద పెట్టేశారు. బుల్లయ్యే అన్నాడు, "లైనులో ఉన్నారా సార్?"

మాస్టారు ఫోను దగ్గరికి వంగారు. "ఎప్పుడు కొడతామన్నారు బుల్లయ్యా?"

"ఇవాళంతా మందు తెచ్చుకునే పన్లో ఉన్నారండి. రేపు సాయంత్రం కొడతారు. ఎవరో కోటిరత్నమని అడిగింది కదండీ, సాయంత్రమే కొట్టాలని మీరు చెప్పారుగా. అందుకే ఆగారు, లేకపోతే పొద్దున్నే కొట్టేసేవాళ్లు."

నజీరా గోడకు ఆనుకుంది. ఆమె పక్క గదిలోంచి అడిగిన ఆ ఉత్తుత్తి ప్రశ్న మాకు ఒక పగలు మిగిల్చింది.

"ఆ ముప్పై ఎనిమిది మందివీ ఏ ఊళ్లో ఒక్కొక్కటే చెప్పు" అన్నారు మాస్టారు. కాగితం కోసం చూసి, ఆశీస్సులు రాసిన ఆ పుస్తకమే తీసి, వెనక తెల్లపేజీలో రాసుకున్నారు. మణికేశ్వరం. ధేనువకొండ. తిమ్మాయపాలెం. పదకొండు ఊళ్లు వచ్చాయి.

"ఏడుంబావుకు అద్దంకి మీదుగా దర్శి బస్సుంది సార్" అంది కోటిరత్నం, సంచి భుజానికి తగిలించుకుంటూ. "నేను దాంట్లోనే పోవాలి."

"నేనూ వస్తాను. తెల్లారేసరికి మొదటి ఊళ్లో ఉండాలి. పంపు కూడా తీసుకెళ్దాం. చూపించకుండా చెప్పడం ఇక చాలు."

"ఇటివ్వండి, మీరు మొయ్యలేరు." ఆమె పంపును అందుకుని, పొలానికి వెళ్తున్నట్టు వీపుకు వేసుకుంది. ఆయన పుస్తకం ఆమె చేతికిచ్చారు. నజీరా ఆటో పిలవడానికి వాళ్లకంటే ముందు పరిగెత్తింది.

నేను చెప్పులు వేసుకున్నాను. "నేనూ వస్తాను మాస్టారూ. అయిదారు ఊళ్లు నేను చూస్తాను."

"మీరొద్దు." ఆయన గడప దగ్గర ఆగారు. "పదకొండు ఊళ్లూ ఒక్కరోజులో మేము తిరగలేం. మీరు ఇక్కడే కూర్చుని ఫోన్లు చేయండి. ఏ ఊళ్లో ఫోను ఏ ఇంట్లో ఉందో బుల్లయ్యను కనుక్కోండి. ఎవరెత్తినా సరే. ఈసారి మీ పేరు చెప్పి చేయండి."

"వచ్చే గురువారం పాఠానికి..." అన్నాను. ఆ మాట పూర్తి చేయలేకపోయాను.

ఆయన నన్ను కాదు, నా వెనక ఖాళీగా ఉన్న స్టూలును చూశారు. ముప్పై ఒక్క ఏళ్లుగా పాఠం తర్వాత ఆయన ఏ తలుపూ మూసి ఎరగరు. విసురుగా వేసినా బాగుండేది. పిడి పట్టుకుని, చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, లోపల నన్నూ ఫోనునూ ఉంచి, ఆ రాత్రికి తలుపు మూసి వెళ్లిపోయారు.